పాపా, అన్నను బెంగళూరుకు తీసుకోని పోయే ముందు

పాపా,

అన్నను నీ దగ్గర పెట్టుకుంటావంట కదా, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇంత పిల్లకు ఏం తెలుసని ఒప్పుకున్నావే అని ముందు మీ అమ్మను అరిచినా. ఫోన్ పెట్టేసినాక వంటింట్లో కూచోని కాసేపు ఏడ్చినా, మన ఇంట్లో ఇంతమంది మగోళ్లు ఉండి ఒక్కరూ ఆ మాట అనలేదు, నువ్వన్నావు. సరే, తీసుకోని పో. కానీ మీ మామను 1998 నుంచి చూసుకుంటాండేదాన్ని, నేను రాసింది మొత్తం చదువు, సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోవద్దు.

మాత్రలు టైముకు వేయి, చీటీలన్నీ ఒక కవర్లో పెట్టు, జబ్బు తగ్గింది కదా అని మాత్రలు నీ అంతట నువ్వు ఆపద్దు. మనసు జబ్బుల పెద్దాసుపత్రి నిమ్హాన్స్ అక్కడే ఉండాది కాబట్టి డాక్టర్ల గురించి నాకు దిగులు లేదు. నా దిగులంతా వాని కాళ్ల గురించి. వానికి కొత్తగా రిస్పెరిడోన్, అదే చెవుల్లో మాటలు వినపడే జబ్బుకిచ్చే మాత్ర, మొదలుపెట్టినారని తెలిసినప్పటి నుంచి అదే ఆలోచన.

మీ మామకు అప్పుడు ఇరవై నాలుగేండ్లు. అదే జబ్బుకు పాత రకం మందు, హాలోపెరిడాల్ ఇచ్చినారు. వారంలో చెవుల్లో మాటలు తగ్గినాయి, అన్నం అడిగి తిన్నాడు, నేను పక్కింటోళ్లందరికీ చెప్పుకున్నా. రెండో వారం నుంచి కూచోడు. తట్ట చేతిలో పట్టుకోని నిలబడే తింటాడు, నిలబడినా ఈ కాలు మీద నుంచి ఆ కాలు మీదకు ఊగుతానే ఉంటాడు, రాత్రంతా వేపచెట్టు నుంచి బోరు దాకా, బోరు నుంచి వేపచెట్టు దాకా నడుస్తాడు. "అక్కా, లోపల చీమలు పాకినట్టుంది, కూచోవాలనే ఉంది, అయితల్లేదు" అన్నాడు. నేనేం అనుకున్నానంటే పిచ్చి మళ్లీ పైకి లేచింది అని. డాక్టరును అడిగే పని లేదనుకున్నా, మాత్ర చాలట్లేదు అంతే అనుకోని ఇంకో సగం మాత్ర నలిపి సంగటి ముద్దలో గుంత చేసి పెట్టి పైన పప్పు పోసి ఇచ్చినా. వాడు నన్ను నమ్మి తిన్నాడు. మూడు రాత్రులు అట్లే పెట్టినా. మూడు రాత్రులూ నడక ఎక్కువైందే కానీ తగ్గలేదు.

నాలుగో పొద్దున లేచి చూస్తే లేడు. తాడిపత్రి రోడ్డులో యాడనో చెప్పుల్లేకుండా పోతాంటే లారీ వాళ్లు చూసి ఆపినారు. అరికాళ్లు రెండూ బొబ్బలు. తడిగుడ్డతో తుడుస్తాంటే "నన్ను మంచానికి కట్టేయ్ అక్కా, లేదంటే చంపేయ్, ఈ కాళ్లతో నావల్ల కాదు" అన్నాడు. పాపా, ఆ మాట ఇప్పటికీ నాకు సంగటి కెలికేటప్పుడు వినిపిస్తాది.

డాక్టరు దగ్గర సగం మాత్ర సంగతి దాచాలని చూసినా, కుదరలేదు, ఏడుస్తా చెప్పేసినా. ఆయన తిట్టలేదు. ఇది జబ్బు కాదమ్మా, మందు చేస్తాండే పని, దీన్ని అకథీషియా అంటారు, మందు పెంచితే ఇది ఇంకా పెరుగుతాది అని చెప్పి డోసు తగ్గించి ప్రొప్రనలాల్ రాసినాడు. అది బీపీకి ఇచ్చే మాత్ర, ఆయాసం ఉన్నోళ్లకు ఇవ్వరంట. అయిదారు రోజులకు, విత్తనాల టైము అది, నేను అరుగు మీద చెనిక్కాయలు వలుస్తాంటే వచ్చి పక్కన కూచున్నాడు. ఒక చేట నిండా వలిచేదాకా లేవలేదు. నేను తల ఎత్తి చూడలేదు, చూస్తే లేస్తాడేమో అని భయం.

అందుకే అన్న కుదురుగా లేకపోతే "ఎందుకురా తిరుగుతావు" అని అరవద్దు. నడవాలనిపించి నడుస్తాండావా, కూచోలేక నడుస్తాండావా అని అడుగు. కూచోలేక అంటే ఆ రోజే డాక్టరుకు చెప్పు. చచ్చిపోతా అనే మాట వస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఇంకొకటి, నువ్వు మూడో అంతస్తులో ఇల్లు చూసినావంట, నాకు నచ్చలేదు. బాడుగ ఎక్కువైనా కింద ఇల్లు చూడు, నడిచేదానికి ఇంత జాగా ఉండాల. చాదస్తం అనుకో, పర్లేదు.

మిగతావి గబగబా చెప్తా. మందు మొదలైన, లేదా పెంచిన మొదటి రోజుల్లో మెడ ఒక పక్కకు తిరుక్కుపోవడం, కళ్లు పైకి పోయి నిలబడిపోవడం, నాలుక బయటికి రావడం జరగొచ్చు, వయసులో ఉండే మగపిల్లలకే ఎక్కువ. చూస్తే గాలి సోకినట్టే ఉంటాది, మీ అమ్మ తాయెత్తు అంటాది, వినద్దు, ఆసుపత్రికి పో, ప్రోమెథజిన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే చాలామందికి అరగంటలో సర్దుకుంటాది. గొంతు పట్టేస్తాంటే 108కు ఫోన్ చేయి. వాంతులకని వీధి చివర క్లినిక్‌లో మెటోక్లోప్రమైడ్ ఇచ్చినా ఇదే రావచ్చు, కాబట్టి యాడికి పోయినా చీటీ చూపించు. వారాలు గడిచినాక ముఖం చెక్క మాదిరి అయి, చేతులు వణికి, దిండు మీద జొల్లు కారితే పాసిటేన్ ఇస్తారేమో, దాంతో నోరు ఎండుతాది, మలబద్ధకం, మతిమరుపు కూడా వస్తాయి, కాబట్టి ఇది ఎన్నాళ్లు వాడాలని ప్రతిసారీ అడుగు. ఒళ్లు బిగుసుకోని, జ్వరం కాలిపోతా, చెమటలు, మాట తికమక అయితే, ఎండాకాలంలో మనోళ్లు వడదెబ్బ అనుకోని మజ్జిగ తాపిస్తారు, నువ్వు మాత్రం నేరుగా క్యాజువాలిటీకి తీసుకోని పో.

ఇంకొకటి ఏండ్లు పట్టి వస్తాది. నీకు గుర్తుందో లేదో, నాలుగేండ్ల పిల్లవు, "మామా ఏం తింటాండావు, నాకూ పెట్టు" అని వాని నోరు తెరిచి చూసినావు. ఏమీ లేదు నోట్లో. పెదాలు, నాలుక వాటంతట అవే ఆడుతాండె. మేము వక్కాకు అలవాటు అనుకోని చూసీ చూడనట్టు పోయినాము, నువ్వు అడిగినాకే డాక్టరుకు చూపించినాము. టార్డివ్ డిస్కినీసియా అన్నారు. పాసిటేన్ దీనికి పనికిరాదు, ఒక్కోసారి ఎక్కువ కూడా చేస్తాదంట. మందు మార్చినారు, టెట్రాబెనజిన్ ఇచ్చినారు, తగ్గింది కానీ మొత్తంగా పోలేదు. కొత్త మందుల్లో ఇది తక్కువంట, అసలే రాదని కాదు. అందుకని నెలకోసారి వాన్ని కుర్చీలో కూచోబెట్టి చెప్పులు తీయించి, చేతులు మోకాళ్ల మీద పెట్టించి, నోరు తెరిపించి, నాలుగడుగులు నడిపించి ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో. వాన్ని అడిగి తీయి, దొంగతనంగా తీయద్దు. ఆరు నెలలకోసారి అయినా డాక్టరును నోరూ చేతులూ కాళ్లూ చూడమని నువ్వే అడుగు, జనం ఎక్కువుంటే వాళ్లకు టైముండదు.

నీ ఉద్యోగం పోగొట్టుకోవద్దు. నువ్వు తిన్నావా లేదా అని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు, అందుకే రోజూ నేను ఫోన్ చేస్తా, విసుక్కోకుండా ఎత్తు.

ఆదివారం రైల్వే స్టేషన్‌కు నేనూ మీ మామా వస్తాము. సంచి నిండా ఎండు చెనిక్కాయలు తెస్తాండా, కొన్నవి కాదు, మన చేనువి. అన్న ముందర ఒక చేటలో పోసి పెట్టు. ఎంతసేపు కూచోని వలిచినాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ