బడి మానేస్తానంటున్న అబ్బాయి: ఓపెన్ టెన్త్ కట్టిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అబ్బాయికి 15 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఏడాదిగా బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి అంటున్నాడు. అడిగితే పాఠం నోటితో చెబుతాడు కానీ రాయమంటే గుణింతాలు తప్పుతాడు, బోర్డు మీది వాక్యాలు సగం వదిలేస్తాడు. సెలవుల్లో మా తమ్ముడి మెకానిక్ షెడ్డులో ఉండి, బండిలో లోపమేమిటో వచ్చినవాళ్లకు చక్కగా వివరిస్తాడు. హాస్టల్లో వేస్తే దారికొస్తాడని మావారు, బడి మాన్పించి ఓపెన్ టెన్త్ కట్టించమని మా తమ్ముడు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ ఇద్దరి మాటల్లో ఏదో ఒకటి ఎంచుకునే ముందు, గుణింతాల గురించి మీరు రాసిన వాక్యాన్ని మరోసారి చదవండి. నోటితో చెప్పగలిగిన పిల్లవాడు అదే విషయాన్ని కాగితం మీద పెట్టలేకపోతున్నాడంటే దాన్ని బద్ధకంగా లెక్కగట్టకూడదు. తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా వంటి అభ్యసన ఇబ్బంది ఉండే అవకాశం ఉంది. ముందు పిల్లల వైద్యుడికి కడుపునొప్పి సంగతి చెప్పి, కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి. ఆ తరువాత వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ, మీకు అందుబాటులో ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గర గానీ చదవడం, రాయడం ఎలా ఉన్నాయో పరీక్షించమని అడగండి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఇటువంటి ఇబ్బందులను కూడా గుర్తించింది కనుక, ధ్రువపత్రం వస్తే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు కోరవచ్చు. ఆ ఫలితం తెలిసేదాకా టీసీ తీసుకోవద్దు.

హాస్టల్ వద్దని మాత్రం గట్టిగానే చెబుతాను. రాయలేక నలుగురిలో చిన్నబోతున్న పిల్లవాణ్ణి రాత్రింబవళ్లు అదే వాతావరణంలో ఉంచితే, సాయంత్రం ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకునే అవకాశం కూడా పోతుంది.

మీ తమ్ముడి సలహాలో మంచి ఉంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, కేంద్రం నడిపే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, రెండూ రోజూ బడికి వెళ్లకుండా పరీక్ష రాయించే ప్రభుత్వ ఓపెన్ స్కూళ్లే. జాతీయ సంస్థలో 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి నమోదు కావచ్చు. నమోదు 5 ఏళ్లు చెల్లుతుంది, పాసైన సబ్జెక్టును మళ్లీ రాయనక్కర్లేదు, తెలుగులో కూడా చదువుకోవచ్చు. ఒక్కసారిగా అన్నీ నెత్తిన వేసుకోకుండా రెండేసి సబ్జెక్టులు పూర్తిచేసుకునే వీలు ఇలాంటి పిల్లలకు పెద్ద ఊరట. ఆ సర్టిఫికెట్టుతో ఇంటర్లో చేరవచ్చు, కాబట్టి చుట్టాలు చిన్నచూపు చూస్తారన్న బెంగ అక్కర్లేదు.

అయితే ఓపెన్ స్కూలు పరీక్ష పెడుతుంది గానీ, రోజూ పక్కన కూర్చుని చదివించదు. తోడు లేకుండా ఇంటిపట్టున వదిలేసిన 15 ఏళ్ల పిల్లవాడు నెల తిరిగేసరికి పగలు నిద్ర, రాత్రి ఫోనుగా మారిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. అందుకే నమోదు కంటే ముందు కుదుర్చుకోవలసింది ఒక పెద్దమనిషిని. తల్లిదండ్రులు కాక, మార్కుల లెక్క అడగని, వారంలో రెండు మూడు సాయంత్రాలు తప్పకుండా వచ్చే ఓపికగల మనిషి కావాలి. మీ వీధిలోని రిటైర్డు టీచరైనా, డిగ్రీ చదువుతున్న బంధువుల అబ్బాయైనా సరే.

మీ తమ్ముడు కూడా ఆ పాత్ర కొంత పోషించగలరు, షెడ్డును జీతంలేని కొలువుగా మార్చనంతవరకు. రోజుకు ఒక బండికి, అబ్బాయి చేతనే కార్డు రాయించమనండి: బండి నంబరు, వచ్చిన ఫిర్యాదు, మార్చిన భాగం, దాని ధర. తప్పు రాస్తే గీత కొట్టి తిట్టకుండా, పక్కనే సరిగా రాసి చూపిస్తే చాలు. నోట్సంటే బెదిరిపోయే చెయ్యి ఆ నాలుగు వరుసలకు బెదరదు, ఎందుకంటే ఆ విషయం వాడికి తెలుసు. అక్కడి నుంచి ఐటీఐ వైపు మొగ్గితే అదీ మంచి దారే.

ఈలోగా "నేనెందుకూ పనికిరాను", "ఉండి ఏం లాభం" వంటి మాటలు వాడి నోట వస్తే వాదించకండి, ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఓపెన్‌లో చేర్చాలని నిర్ణయించుకుంటే, పాస్ గ్యారంటీ అంటూ వేలకు వేలు అడిగే మధ్యవర్తులను నమ్మవద్దు. గుర్తింపు ఉన్న అధ్యయన కేంద్రంలో గానీ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ ఫీజు కట్టి రసీదు మీ దగ్గరే ఉంచుకోండి. దరఖాస్తు నింపేటప్పుడు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని, సబ్జెక్టులు వాడినే ఎంచుకోనివ్వండి.