వ్యోమకేశుడి ముఖం వెడల్పుగా కనిపిస్తోందన్న ప్రశ్నకు సమాధానం

హన్మకొండలో కొత్తగా కొన్న టీవీలో మీ నాన్నగారికి రజిత్ కపూర్ డిటెక్టివ్‌గా నటించిన ‘వ్యోమకేశ్ బక్షీ’ హిందీ ధారావాహిక చూపిస్తే మనుషులందరూ లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారని, ఆయన చూడడం మానేశారని రాశారు. టీవీలో లోపమేమీ లేదు. బాసు చటర్జీ దర్శకత్వంలో 1993లో దూరదర్శన్‌లో మొదలైన ఆ ధారావాహికను అప్పటి 4:3 తెర కొలతకు, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు ఉండేలా తీశారు. మీ టీవీ 16:9 కనుక, తెర నిండేలా సాగదీసినప్పుడు బొమ్మ మూడో వంతు అదనంగా వెడల్పవుతుంది. రిమోట్‌తో పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి, తెర కొలతను 4:3కి మార్చండి. ఇరువైపులా నల్లని పట్టీలు వస్తాయి, వాటిని అలాగే ఉండనివ్వండి.

సరిపోయిందో లేదో తెలియాలంటే దృశ్యంలో గోడగడియారమో, టీ కప్పు కింది సాసరో వచ్చినప్పుడు ఆపి చూడండి. మా వరంగల్ ఇంట్లో మొదటిరోజు గడియారం కోడిగుడ్డులా కనిపించింది. అది గుండ్రంగా మారాకే మా బాపు, “ఇగో, ఇప్పుడు రజిత్ కపూర్ లెక్క కనిపిస్తుండు” అని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ మాట కోసమైనా ఈ శ్రమ పడవచ్చు.

కదలికలను నునుపు చేసే సెట్టింగును కూడా తప్పక ఆపేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి; షార్ప్‌నెస్ ఎక్కువైతే పాత రికార్డింగులోని గరుకుదనాన్ని మరింత ఎత్తి చూపుతుంది. ఇంత చేసినా ముఖాలు సాగే ఉంటే, ఇంటర్నెట్‌లో ఎక్కించినవారే వీడియోను సాగదీశారన్నమాట. అప్పుడు వేరే ప్రతిని వెతకండి, లేదా కంప్యూటర్‌ను టీవీకి కలిపి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఇంగ్లిష్ ‘ఏ’ (A) మీటను నొక్కుతూ సరైన కొలత వచ్చేవరకు మార్చండి.