టెక్ సందేహాలు: ఉప్పునీటి అక్వేరియానికి ఏ స్మార్ట్ ప్లగ్?

ప్రశ్న: సార్, బరంపురంలో ఇల్లు కట్టిస్తున్నాం. హాలు గోడలోనే 4 అడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టించాలని పిల్లల కోరిక. పంపు, లైటు, హీటరు అన్నీ ఫోన్‌తో నడపడానికి ఏ స్మార్ట్ ప్లగ్‌లు కొనమంటారు? గోపాల్‌పూర్ సముద్రతీరం దగ్గరే కదా, నీళ్లు అక్కడి నుంచే తెచ్చుకోవచ్చా?

జవాబు: గోడలు లేవకముందే అడిగారు, మంచి పని చేశారమ్మా. ప్లగ్‌లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో 250 లీటర్ల నీళ్లు పడతాయి. అద్దాలు, రాళ్లు, ఇసుక, స్టాండు కలిపితే బరువు 400 కిలోల దాకా వస్తుంది. ఆ బరువు గోడ మీద పడకూడదు, గోడ బరువు తొట్టి మీద అసలే పడకూడదు. గోడలో కిటికీలా ఖాళీ వదిలి పైన లింటెల్ వేయమని మేస్త్రీకి చెప్పండి. తొట్టి మాత్రం గోడ వెనక గదిలో సొంత స్టాండు మీద నిలవాలి. పై అంతస్తు అయితే ఇంజనీరు చూడకుండా ముందుకెళ్లొద్దు. తొట్టి పైన కనీసం అడుగున్నర ఖాళీ ఉంటేనే చెయ్యి లోపలికి దించి తొట్టి అడుగుభాగం శుభ్రం చేయగలరు. వెనక గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. ఉప్పు తేమ స్విచ్‌బోర్డులను తినేస్తుంది. ఆ లైనుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు మీద జారిన చుక్క సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోతుంది.

ఇక ప్లగ్. ఏ కంపెనీదైనా సరే, కరెంటు పోయి వచ్చాక అది ఆన్ అవుతుందా, ఆఫ్‌లోనే ఉంటుందా అన్నది ముందు చూడండి. నిరుడు వేసవిలో ఓ రాత్రి మా ఇంట్లో కరెంటు పోయి పావుగంటలో వచ్చేసింది. ప్లగ్ మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. తెల్లారి లేచి చూస్తే నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి, రెండు క్లౌన్ చేపలూ పైకి తేలి నోరు తెరుస్తున్నాయి. ఒకటి దక్కలేదు. ఆ సెట్టింగ్ యాప్‌లోనే ఉంది, నేనే చూసుకోలేదు. అందుకే నా మాట, లైటుకు స్మార్ట్ ప్లగ్ పెట్టుకోండి, పంపుకు వద్దు. పంపు నేరుగా ఇన్వర్టర్ లైనులో ఉండాలి.

150 ఏహెచ్ బ్యాటరీ బాగుంటే 40 వాట్ల పంపులను దాదాపు ఒక రోజు లాగుతుంది. హీటరు, నీటిని చల్లబరిచే చిల్లర్ దానికి తగిలించకండి. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే కావాలి, స్క్వేర్ వేవ్ మీద పంపు గుర్రుమంటూ వేడెక్కుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత చీకట్లో గడిపిన రోజులు మీ ఇంట్లోనూ గుర్తుండే ఉంటాయి. కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి అలమరలో ఉంచండి. పంపు ఆగితే పై తొట్టిలో కొంత నీరు, కింద ఫిల్టరు కోసం పెట్టే చిన్న తొట్టి అయిన సంప్‌లోకి జారుతుంది. చేపలు వేయకముందే స్విచ్ ఆపి, సంప్ పొంగుతుందో లేదో చూసుకోండి.

నీళ్లు గోపాల్‌పూర్ నుంచి వద్దు. ఒడ్డున దొరికేది ఇసుక, మురికి కలిసిన నీరు, వానలకు ఉప్పదనం కూడా మారుతుంది. ఆర్‌ఓ‌డీఐ నీటిలో (లవణాలు, మలినాలు తీసేసిన నీరు) అక్వేరియం ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపితే చాలు. వంట ఉప్పు పనికిరాదు. పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎవరు తెచ్చిస్తామన్నా ఒప్పుకోకండి. నీళ్లు నింపాక 4 నుంచి 6 వారాలు ఆగాలి. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చేప. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఆ ఖాళీ తొట్టి చూస్తూ ఆగడం వాళ్లకు చాలా కష్టం.

ప్రశ్న: మాది రాయగడ. అక్వేరియం వెనక పెట్టిన టెంపరేచర్ సెన్సర్ రోజుకు పదిసార్లు ఆఫ్‌లైన్ అంటోంది. ఒకటే టెన్షన్. రూటర్ హాల్లోనే, తొట్టికి ఎదురుగా ఉంది.

జవాబు: అడ్డం మీ తొట్టే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్‌ను నీరు మింగేస్తుంది, ఉప్పునీరైతే మరీ. సెన్సర్ మార్చక్కర్లేదు. రూటర్‌ను పక్కకు జరిపి, తొట్టి మధ్యలో రాకుండా చూడండి. కుదరకపోతే వెనక గదిలో సిగ్నల్‌ను అందించే చిన్న ఎక్స్‌టెండర్ పెట్టి, దాన్నీ ఇన్వర్టర్ లైనుకే కలపండి.