రెండు లూపుల్లోంచి ఒకేసారి బయటపడటం ఎలా?

లూప్ అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్, బ్రేక్ అంటే దాన్ని మధ్యలో ఆపే ఆదేశం. ఒక లూప్‌లో ఇంకో లూప్ ఉన్నప్పుడు, లోపలి లూప్‌లో బ్రేక్ రాసినా బయటి లూప్ ఎందుకు ఆగట్లేదని అడిగారు. ఆగదు. బ్రేక్‌కి తానున్న గది తలుపే తెలుసు, వీధి గుమ్మంతో దానికి పనిలేదు.

ఈ ముక్క తెలిసి కూడా నేనొక రాత్రంతా జాగారం చేశాను. గోడౌన్‌లో సరుకు వెతికే కోడ్ అది. పైన ఆర్డర్ల లూప్, దాని లోపల ర్యాకులు, ఇంకా లోపల అరలు. సరుకున్న అర దొరకగానే ఒక పీసు రిజర్వ్ చేసి బ్రేక్. టెస్ట్ డేటాలో నేను పెట్టింది ఒకే ర్యాక్, అందుకే అన్నీ పాసయ్యాయి. లైవ్‌లోకి వెళ్లాక ఒక్కో ఆర్డర్‌కి ప్రతి ర్యాక్‌లోనూ ఒక పీసు రిజర్వైపోయింది. అరల లూప్ ఆగుతోంది, ర్యాకుల లూప్ మాత్రం నిక్షేపంగా తిరుగుతోంది. సాయంత్రానికి స్క్రీన్ మీద స్టాక్ సున్నా. చూస్తే అరల నిండా సరుకే.

టెన్షన్‌లో అందరూ చేసేదే చేశాను. 'దొరికింది' అని ఒక ఫ్లాగ్ (ట్రూ లేదా ఫాల్స్ అని గుర్తుపెట్టుకునే వేరియబుల్) పెట్టి, ర్యాకుల లూప్ మొదట్లోనే అది ట్రూ అయితే బ్రేక్ అన్నాను. ఆ ఫ్లాగ్‌ని ఫాల్స్ చేసే లైను ఆర్డర్ల లూప్ లోపల ఉండాలి, నేను ఆ లూప్‌కి బయట, పైన రాశాను. మొదటి ఆర్డర్ బ్రహ్మాండంగా వెళ్లింది. రెండోదాని నుంచి ఒక్క అర కూడా వెతక్కుండానే బయటికి వచ్చేస్తోంది! ఇది కనిపెట్టేసరికి తెల్లారింది.

అప్పట్నుంచి నాది ఒకటే పద్ధతి. లోపలి లూపులు రెండూ తీసి ఒక ఫంక్షన్‌లో (పేరు పెట్టి పిలిచే విడి కోడ్ ముక్కలో) పడేసి, దొరికిన చోటే రిటర్న్, అంటే ఆ ఫంక్షన్ నుంచే వెనక్కి. ఎన్ని లూపులున్నా ఒక్క దెబ్బకి బయటికి. ఫ్లాగులు వాడేవాళ్ల కోడ్ రివ్యూ చెయ్యాలంటే నాకు ఇప్పటికీ చిరాకే.

జావాలో అయితే లూప్‌కి లేబుల్ తగిలించి, ఆ పేరుతోనే బ్రేక్ అనొచ్చు. పైథాన్‌లోనూ అలాంటిది కావాలని ప్రతిపాదిస్తే, అది అవసరమయ్యేంత చిక్కు కోడ్ అరుదని 2007లో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తోసిపుచ్చారు. నేనైతే ఆయన వైపే. పీహెచ్‌పీలో 'బ్రేక్ 2' అంటే రెండు లూపులు దాటుతుంది గానీ, రేపెవరైనా మధ్యలో ఇంకో లూప్ పెడితే ఆ 2 చడీచప్పుడు లేకుండా తప్పైపోతుంది.

సీ భాషలో గోటూ (కోడ్‌లో చెప్పిన చోటికి నేరుగా దూకించే ఆదేశం) ఉందిగా అంటే కొందరు ఉలిక్కిపడతారు. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దాన్ని తిడుతూ ఉత్తరం రాశాడు సరే, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్ కోడ్ తెరిచి చూడండి, ఎర్రర్ వచ్చిన చోటల్లా గోటూనే.

ఇంకోటి, మీ కోడ్‌లో లూపుల వేరియబుల్స్‌కి ఐ, జె అని పేర్లు పెట్టారు. నేనూ అంతే. ర్యాక్, అర అని రాసుకుని ఉంటే ఆ రాత్రి కొంచెమైనా పడుకునేవాణ్ణి.