మూడు విళ్లు, ఒకే చెయ్యి

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన మూడు ఫోటోలు అందాయి. ముందు ఫోటోలే చూశాను, ఆ తరువాతే ఉత్తరం చదివాను. పొడవాటి సన్నని విల్లు లాంగ్‌బోతో వేసిన బాణాలు ఎడమవైపు కిందికి పోయి, అక్కడ ఒకదాన్నొకటి ఆనుకుని దిగాయి. వెడల్పుగా, చదునుగా ఉండే ఫ్లాట్‌బోతో వేసినవి మధ్యలో పిడికెడు చోటులో ఉన్నాయి. పొట్టిగా ఉండే హంగేరీ విల్లుతో వేసినవి మాత్రం టార్గెట్ నిండా చెల్లాచెదురుగా పడ్డాయి. మూడూ ఒకే సాయంత్రం, అవే బాణాలతో, 20 మీటర్ల నుంచి వేశానని రాశావు. విళ్లు మారుస్తూ ఉంటే గురి పాడైపోతోందేమో, రెండు విళ్లు అమ్మేయమంటారా అని అడిగావు.

అమ్మవద్దు. నీ గురి పాడైందని ఆ ఫోటోలు చెప్పడం లేదు. లాంగ్‌బో ఫోటోలో ఉన్న తప్పు నీది కాదు, బాణాలది, కొంత ఆ వింటి వేగానిది. హంగేరీ విల్లు ఫోటోలో ఉన్నది మాత్రం నీ చేతి తప్పే. ఈ రెండింటినీ విడదీసి చూడటం వస్తే, నువ్వు ఎన్ని విళ్లు మార్చినా నాకు బెంగ లేదు.

ముందు ఆ ఎడమవైపు సంగతి చూద్దాం. బాణం వింటి మధ్యలోంచి పోదు, పక్కనుంచి పోతుంది. నారి మాత్రం వింటి మధ్యకే దూసుకొస్తుంది. అందుకని వదిలిన క్షణంలో బాణం కాడ వంగుతుంది, వింటి కర్రను ఒరుసుకోకుండా చుట్టి దాటుతుంది, అటూ ఇటూ ఊగుతూ దారిలో పడుతుంది. ఆ వంపు సరిగ్గా రావాలంటే కాడ బిగువు, మీరు స్పైన్ అంటారే అది, ఆ వింటికి తగినట్టు ఉండాలి. నీ ఫ్లాట్‌బోకు బాణం ఆనే చోట కర్రను దాదాపు మధ్యదాకా చెక్కి ఉన్నారు. అక్కడ బాణం పెద్దగా వంగనక్కరలేదు, బిగువైన కాడ సరిపోతుంది. లాంగ్‌బోకు ఆ చెక్కుడు లేదు. చేత్తో పట్టుకునే చోటు, అదే వింటి పట్టు, దాని మందాన్నంతా బాణం చుట్టి రావాలి, అందుకు మెత్తని కాడ కావాలి. ఫ్లాట్‌బోకు కొన్న బాణాన్ని లాంగ్‌బోలో పెడితే అది చాలినంత వంగదు. నీలాంటి కుడిచేతి వాటం వాళ్లకు ఎడమకు పోతుంది. నీ ఫోటోలో జరిగింది అదే.

ఈ పాఠం నేను చాలా ఖరీదుగా నేర్చుకున్నాను. నాకప్పుడు 22 ఏళ్లు. రాష్ట్రస్థాయి పోటీ, మన వెదురు విళ్లతో ఆడే ఇండియన్ రౌండ్, అందరివీ అవే విళ్లు. 50 మీటర్లు అయిపోయి 30 మీటర్ల గీత దగ్గరికి వచ్చాం. నారి ఎక్కించబోతే వింటి కొప్పుకు జానెడు కింద సన్నని గీత కనిపించింది. గోటితో రాస్తే గోరు దిగబడింది. విల్లు చిట్లింది. పక్కన నిలుచున్న స్నేహితుడు తన రెండో విల్లు ఇచ్చాడు. లాగి చూస్తే బరువు నా వింటి లాగే ఉంది. బాణాలు నావే. మొదటి మూడు బాణాలూ టార్గెట్ ఎడమ అంచున, ఒకే చేతితో నాటిన నారు లాగా పక్కపక్కనే దిగాయి.

పక్కపక్కనే దిగాయన్న సంగతి నేను చూడలేదు. ఎడమకు పోయాయన్నదే చూశాను. మణికట్టు లోపలికి తిప్పాను. తల వంచాను. వదిలేటప్పుడు చేతిని కుడికి నెట్టాను. ఆరో బాణానికల్లా గుంపు విడిపోయింది, తొమ్మిదోది టార్గెట్ దాటి గడ్డిలో పడింది. సాయంత్రం ఆ విల్లు తిరిగి ఇచ్చేటప్పుడు రెండు పట్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. అతని వింటి పట్టు నా దానికంటే వేలెడు మందం. అంతే తేడా. చెయ్యి ఉన్నచోటే ఉంచి, గురిని నాలుగు వేళ్లు కుడికి జరిపి ఉంటే ఆ పోటీ నా చేతిలోంచి జారేది కాదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అందుకే నీకు మొట్టమొదట చెప్పేది ఇది. విల్లు మార్చాక బాణాలు ఒకచోట గుమిగూడుతూ పక్కకు పోతున్నాయంటే, నీ ఒంటిని ముట్టుకోకు. బాణం మార్చు, లేదా గురి జరుపు. గుంపే కుదరకపోతే అప్పుడు నీ చెయ్యిని పరీక్షించు.

ఇక కిందికి ఎందుకు పోయాయో లెక్క వేసి చూపిస్తాను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే బాణం 20 మీటర్లు చేరేలోపు సుమారు 78 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం 45 మీటర్లే అయితే సుమారు 97 సెంటీమీటర్లు దిగుతుంది. గాలి ఆపే ఆపుదల కలపకుండానే తేడా 19 సెంటీమీటర్లు. 122 సెంటీమీటర్ల టార్గెట్ మీద ఒక్కో వలయం వెడల్పు 6.1 సెంటీమీటర్లు. అంటే సెకనుకు అయిదు మీటర్ల వేగం తగ్గితే మూడు వలయాలు పోయినట్టే, అందులో నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఫ్లాట్‌బోకు బాణం మొన ఎక్కడ కనిపించాలో నీ కన్ను బాగా నేర్చుకుంది. లాంగ్‌బో చేతికి వచ్చినా కన్ను మొనకూ గురికీ మధ్య ఆ పాత ఎడాన్నే చూపిస్తోంది. కంటికి కొత్త ఎడం నేర్పడానికి నాకైతే కనీసం వంద బాణాలు పట్టేవి. మొదటి రెండు డజన్లు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు.

వేగం ఎంత తగ్గిందో తెలియాలంటే ముందు వింటి అసలు బరువు, అంటే నారిని లాగడానికి పట్టే బలం, తెలియాలి. లాంగ్‌బో మీద 40 పౌండ్లు అని రాసి ఉందన్నావు. ఆ అంకె 28 అంగుళాలు లాగినప్పటిది. నీ లాగుడు 26 అంగుళాలే. ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది కాబట్టి నీ చేతిలో అది 35 పౌండ్ల విల్లు. సూట్‌కేసు బరువు చూసే కొక్కెం తక్కెడ నీ దగ్గర తప్పకుండా ఉంటుంది. దాన్ని నారికి తగిలించి, కొలబద్ద పట్టుకోమని ఎవరినైనా పక్కన నిలబెట్టుకుని, 26 అంగుళాల దగ్గర ఎంత చూపిస్తోందో మూడు విళ్లకూ రాసుకో. కిలోకు 2.2 పౌండ్లు. మూడింటికీ మధ్య తేడా నాలుగు పౌండ్లు దాటకుండా ఉంటే నీ భుజం ఇబ్బంది పడదు. బరువు విల్లు నుంచి తేలిక దానికి మారితే చెయ్యి నిర్లక్ష్యంగా వదులుతుంది. తేలిక దాని నుంచి బరువుకు మారితే లాగుడు అర అంగుళం తగ్గిపోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. తూచేటప్పుడైనా, సరదాకైనా, బాణం లేకుండా నారిని వదలవద్దు. విల్లు విరిగి మొహం మీదికి వస్తుంది.

ఇప్పుడు హంగేరీ విల్లు. దానికి బాణం ఆనడానికి గూడు లేదు, నీ పిడికిలే దాని గూడు. పిడికిలి పట్టు మీద ఒక గోరు మందం పైకి జరిగితే బాణం లేచే కోణమే మారిపోతుంది. ఫ్లాట్‌బో పట్టుకు అరచెయ్యి కూర్చునే పల్లం ఉంది, కాబట్టి నువ్వు చూసుకోకపోయినా చెయ్యి ప్రతిసారీ దాని చోటికి అదే పోతుంది. ఈ వింటి పట్టు సన్నం, నున్నన. నీ ఫోటోలో బాణాలు పైకీ కిందికీ చిందరవందరగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే అనుకుంటున్నాను. పట్టు మీద నీ చూపుడువేలు ఉండాల్సిన చోట నూలుదారం అయిదారు చుట్లు గట్టిగా చుట్టు. కన్ను చూడకుండానే వేలికి ఆ గట్టు తగలాలి. బొటనవేలి మూలంలో కండ ఉందే, తోపుడంతా అక్కడే ఉండాలి, మూడు విళ్లకూ అక్కడే. నారి మీద బాణం తగిలించే చోట కూడా గుర్తు కట్టుకో, ప్రతి వింటికీ విడిగా. చూపుడువేలు కోసుకుపోయిందని రాశావు. ఈక మొదలులో ఈనె పదునుగా నిలబడి ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పైన ఒక చుక్క జిగురు వెయ్యి. మానేదాకా వేలికి పట్టీ వేసుకునే విల్లు పట్టు.

లాంగ్‌బో నారి మణికట్టుకు తగులుతోందన్న మాట కూడా చదివాను. దానికి నారికీ పట్టుకూ మధ్య ఎడం తక్కువ. బాణం నారిని విడిచేలోపు నారి ఇంకాస్త దూరం వస్తుంది, నీ చేతి వణుకు బాణానికి అంటుకోవడానికి ఆ కాస్త సమయం చాలు. మోచెయ్యి కొద్దిగా బయటికి తిప్పితే దెబ్బ తగ్గుతుంది. తగ్గకపోతే నారిని నాలుగైదు మెలికలు వేసి ఎడం పెంచు.

ఒంట్లో మారకూడనివి ఏవో అడిగావు. పాదాలు, భుజాలు, నారి వచ్చి ఆగే చోటు, వదిలే వేళ్లు. నీకు నారి పెదవి కొసన ఆగుతుంది. మూడు విళ్లకూ చూపుడువేలి కొస అక్కడే తగలాలి. భారతంలో అర్జునుడు రాత్రి భోంచేస్తుంటే గాలికి దీపం ఆరిపోయింది, చెయ్యి మాత్రం తడుముకోకుండా నోటికే పోయింది. చీకట్లోనూ చేతికి దారి తెలిస్తే బాణానికి ఎందుకు తెలియకూడదని ఆ రాత్రి నుంచే చీకట్లో సాధన మొదలుపెట్టాడు. నీకు చిన్నప్పుడు చెప్పిన కథే. విల్లు మార్చిన ప్రతిసారీ మొదటి పన్నెండు బాణాలూ అలాగే వెయ్యి. గడ్డిదిమ్మకు మూడు మీటర్ల దూరంలో, మధ్యలో ఎవరూ లేకుండా చూసుకుని, బాణం ఎక్కుపెట్టాక కళ్లు మూసుకో. టార్గెట్ కాగితం పెట్టకు. లాగు, వేలు పెదవి కొసను తాకనివ్వు, వదులు. ఆ పన్నెండు బాణాల్లో కొత్త వింటి బరువు, చప్పుడు, అదురు అన్నీ ఒంటికి పరిచయమవుతాయి. ఆ తరువాతే 10 మీటర్లకు, అక్కడి నుంచి 20కి పో. నువ్వు నేరుగా 20 మీటర్లకు పోయి నిలబడ్డావు.

బొటనవేలి ఉంగరంతో లాగడం కూడా మొదలుపెడదామని ఉందన్నావు. సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ బిరుదు చెక్కిన జేడ్ రాతి ఉంగరం ముందు నువ్వు ఎంతసేపు నిలబడిపోయావో నాకు బాగా గుర్తు. తప్పకుండా నేర్చుకో, కానీ ఈ ఏడు వద్దు. అది విల్లు మార్చడం కాదు, ఇంకో విద్య మొదలుపెట్టడం. బాణం వింటికి కుడివైపు వస్తుంది, అందుకని బిగువు బాణం కుడికి పోతుంది. ఇన్నాళ్లూ ఎడమ అని నేర్చుకున్నదంతా తిరగబడుతుంది. జపాన్ యుమి అయితే మరీ దూరం. రెండు మీటర్లు దాటిన పొడవు, పట్టు మధ్యలో కాక కింది నుంచి సుమారు మూడో వంతు దగ్గర, చెవి దాటేదాకా లాగుడు, వదిలాక విల్లు చేతిలోనే గిర్రున తిరగడం. ఏకలవ్యుడి కథలో అందరూ బొటనవేలు కోసి ఇవ్వడం దగ్గరే ఆగిపోతారు. ఆదిపర్వంలో వ్యాసుడు ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ తరువాత అతడు మిగిలిన వేళ్లతో బాణం వేశాడట, మునుపటి వేగం మాత్రం లేదట. అంతటి విలుకాడికే లాగే పద్ధతి మారితే చురుకు తగ్గింది. ఆ శ్లోకం చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

అలాగని ఒక్క వింటికే కట్టుబడిపొమ్మని చెప్పను. లింబారామ్ రాజస్థాన్‌లో వెదురు వింటితో మొదలుపెట్టి, ఒలింపిక్స్‌లో వాడే, కొసలు ముందుకు వంగిన రికర్వ్ వింటికి మారి, 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు. ఆయన మారింది ఒక్కసారి, మారాక అక్కడే నిలబడ్డాడు. పతకం కావాలనుకుంటే అదే దారి. నీకు కావాల్సింది పతకం కాదని నాకు తెలుసు, మూడు రకాల విళ్ల మీద నీకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. పైగా విల్లు మార్చడంలో ఒక లాభం ఉంది. ఫ్లాట్‌బో నీ తప్పుల్ని కొన్ని దాచిపెడుతుంది, హంగేరీ విల్లు ఒక్కటీ దాచదు. నెల రోజులు అలాంటి వింటితో తిప్పలు పడి మళ్లీ నా పాత వింటికి వచ్చినప్పుడు, నా గుంపు ముందుకంటే బిగిసింది. వదిలే వేళ్లు శుభ్రపడ్డాయి మరి.

కాబట్టి ఇలా చెయ్యి. ఫ్లాట్‌బోను ఇంటి విల్లుగా పెట్టుకో. వారంలో రెండు రోజులు దానితో, ఒక రోజు లాంగ్‌బోతో. ఒక సాయంత్రం ఒక్క విల్లే, రెండోది సంచిలోంచి తియ్యవద్దు. లాంగ్‌బో గుంపు పిడికెడు చోటులోకి వచ్చేదాకా హంగేరీ విల్లును గోడకే ఉంచు. లాంగ్‌బోకు వేరే బాణాలు తీసుకో, చెక్కవే తీసుకో, మీ దగ్గర లాంగ్‌బో పోటీలకు ఎలాగూ చెక్క బాణాలే కావాలి. డజను కొనేముందు రెండు మూడు బిగువుల్లో ఒక్కొక్కటి అడిగి తెచ్చుకుని, ఒక్కోదానికి ఈకలు తీసేసి పది మీటర్ల నుంచి వేసి చూడు. ఈకలు లేని బాణం ఎడమకు పోతే ఇంకా బిగువుగా ఉన్నట్టు, కుడికి పోతే మరీ మెత్తన. సుమారు నిటారుగా పోయిన బిగువులో డజను కొను. పోటీ ఉంటే దానికి పది రోజుల ముందు నుంచి ఆ వింటిని తప్ప మరోదాన్ని తాకవద్దు.

నోటుబుక్కులో ఒక్కో వింటికి ఒక్కో పేజీ పెట్టు. 26 అంగుళాల దగ్గర బరువు, నారి ఎడం, బాణం తగిలించే చోటు, 10, 15, 20 మీటర్లకు బాణం మొన గురికి ఎంత కిందన కనిపించాలి, ఇవి చాలు. చలి వేళ చూసిన అంకెల పక్కన చలి అని రాయి. ఇక్కడ వానాకాలంలో నా వెదురు విల్లు మెత్తబడి బాణాలు కిందికి దిగేవి, ఎండలు వచ్చాక మళ్లీ లేచేవి. మీ ఊరి చలికి నీ కర్ర ఏం చేస్తుందో ఆ పేజీయే చెప్పాలి.

ముందు ఆ తక్కెడ పని చెయ్యి. మూడు అంకెలూ, పట్టు మీద దారం చుట్టిన ఫోటో ఈ ఆదివారంలోగా పంపు. దారం ఎక్కడ పడిందో చూసి మళ్లీ రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య