హిస్టరీ కూడు పెడుతుందా? హాలియా నుంచి ఒక తండ్రి ప్రశ్న

నల్లగొండ జిల్లా హాలియా దగ్గర వరి వేసుకునే ఒక రైతు వాయిస్ మెసేజ్ పెట్టాడు, నాలుగు నిమిషాలది. సారం ఇది. బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది, ఫస్టియర్‌లో 470కి 431 వచ్చాయి. దసరాకు ఇంటికొచ్చి, ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) రాయను, హిస్టరీ, ఇంటర్నేషనల్ రిలేషన్స్ (దేశాల మధ్య సంబంధాల చదువు) చదువుతా అని భీష్మించుకుంది. "బీఏ అంటే మా దిక్కు ఏ సీటూ రానోళ్లు చదివేది సార్. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలె? కొలువెట్ల వస్తది? రేపు పెండ్లి సంబంధాలు చూసేటోళ్లు ఏమంటరు?"

అన్నా, పెండ్లి సంగతి నన్ను అడగొద్దు. ఇరవై ఏండ్లుగా పిల్లల చదువుల గురించి మాట్లాడుతున్నా, డిగ్రీ పేరు చూసి వెనక్కి పోయిన సంబంధాలను చూశా, బీటెక్ చూసి వచ్చి ఉద్యోగం లేదని వెనక్కి పోయిన సంబంధాలనూ చూశా. మిగతా రెండు ప్రశ్నలకు జవాబు చెప్తా.

"ఏ సీటూ రానోళ్లు చదివేది" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. నేనూ అట్లనే బీఏలో చేరిన, హెచ్ఈపీలో (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్), లెక్కలు రాక. క్లాసులో అరవై మందిమి ఉంటే హిస్టరీ మీద ఇష్టంతో వచ్చినవాళ్లు ముగ్గురో నలుగురో. పరీక్షకు నెల ముందు గైడు కొని గట్టెక్కేవాళ్లం. అట్లా చదివిన బీఏకి మార్కెట్‌లో విలువ లేదు, అది నేను దాచను. కానీ 431 మార్కులు తెచ్చుకుని, ఎంసెట్ చేతిలో పెట్టుకుని, అది వదిలి హిస్టరీ కావాలంటున్న పిల్ల వేరే సంగతి. ఆమె ఎక్కడ చదువుతుంది, హిస్టరీ పక్కన ఇంకేం నేర్చుకుంటుంది, ఈ రెండే చూడండి. ముఖ్యంగా రెండోది.

దీనికి నాకు గుర్తొచ్చే ఉదాహరణ ఒకటుంది. మొన్న వేసవిలో మా గల్లీలో ఒకాయన పాత సేత్వార్ (నిజాం కాలం నాటి భూమి రికార్డు) నకలు పట్టుకుని తిరిగాడు. నాలుగు మడతలు, మడత మడతకూ చిరిగి వెనక గుడ్డ అంటించిన కాగితం, ఉర్దూలో, అదీ షికస్తా అనే గొలుసుకట్టు రాతలో. భూమి కేసు నడుస్తోంది, అందులో తాత పేరు ఉందో లేదో చెప్పేవాళ్లు కావాలి. ఉర్దూ మాట్లాడేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, ఆ రాత చదివేవాళ్లు ఒక్కరూ దొరకలే. చివరికి ఎనభై ఏండ్ల రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన భూతద్దం పెట్టి, ఒక్కో అక్షరం వేలితో దిద్దుకుంటూ గంటన్నరలో చదివిపెట్టాడు. నిజాం కాలం సర్కారు రికార్డు చాలావరకు ఇట్లాంటిదే, ఉర్దూ, పారశీకం. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో అరలకు అరలు ఉన్నాయి. మన తెలంగాణ చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తామనే పిల్లల్లో ఆ కాగితం నేరుగా చదవగలిగేవాళ్లు ఎంతమంది? అందుకే హిస్టరీ పక్కన ఒక భాష పెట్టుకున్నవాళ్లకు పోటీ ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇంటర్నేషనల్ రిలేషన్స్‌కూ అంతే, అక్కడ ఉర్దూ బదులు అరబిక్, ఫ్రెంచ్, రష్యన్, చైనీస్ అనుకోండి. ఫారిన్ సర్వీస్‌కు ఎంపికైన ప్రతి ఆఫీసరుకూ ప్రభుత్వమే ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్పిస్తుంది.

ఇంకో సంగతి, ఇంటర్నేషనల్ అంటే ఢిల్లీలోనో లండన్‌లోనో ఉండేది అనుకోకండి. మీ ఊరికి సాగర్ ఎంత దూరం? ఆ నీళ్ల మధ్య ఉన్న నాగార్జునకొండలో, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, సింహళ విహారం అని ఉండేది. శ్రీలంక భిక్షువుల పేరు మీద కట్టింది. అక్కడి శాసనంలో కశ్మీరు, గాంధారం, చీనా పేర్లు కనిపిస్తాయి. అది పాతది అంటారా, 1948కి రండి. పోలీస్ యాక్షన్ గురించి మీ ఇంట్లో ముసలోళ్లు చెప్పే ఉంటారు. దానికి ముందే, ఆగస్టులో, నిజాం ప్రభుత్వం భారత్ మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది, 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును చర్చకు తీసుకుంది, 17న ఇక్కడ నిజాం లొంగిపోయాడు. నల్లగొండ ఊళ్లలో నిజాం వైపు రజాకార్లు, వాళ్ల మీద కొట్లాడిన కమ్యూనిస్టుల సంఘం దళాలు, అక్కడ పారిస్‌లో వాదనలు, రెండూ ఒకే కథ. మీ బిడ్డకు ఇది చెప్తే కళ్లు పెద్దవి చేస్తుందో, ఫోన్ చూసుకుంటుందో గమనించండి.

నేనైతే ఈ వ్యవహారాన్నే పరీక్షగా పెడతా. సంక్రాంతి సెలవుల్లో ఒక వారం ఇవ్వండి. ఆ భద్రతా మండలి సమావేశాల రికార్డు ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది, ఇంగ్లిష్‌లో. అది చదివి, హైదరాబాద్ తరఫున ఏమన్నారు, భారత్ తరఫున ఏమన్నారు, ఎవరి మాట ఎక్కడ తేలిపోయింది అని రెండు పేజీలు రాయమనండి. ఈ చదువులో రోజూ చేసే పని ఇదే, విసుగు పుట్టించే కాగితాలు చదివి, వాటిలోంచి ఒక మాట లాగడం. అది నచ్చితే నచ్చినట్టే. యూట్యూబ్‌లో యుద్ధాల వీడియోలు చూసి ముచ్చటపడి ఈ సబ్జెక్టుకు వచ్చేవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే నీరుగారిపోతారు. రెండు పేజీలు రాయలేకపోతే ఎంసెట్ కోచింగ్‌కు పంపండి, నాకేం అభ్యంతరం లేదు.

ఎక్కడ చదవాలి అంటే, మొదటి పేరు గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. హిస్టరీలో, పొలిటికల్ సైన్స్‌లో ఐదేండ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, ఎంపీసీ పిల్లలూ చేరొచ్చు, సీయూఈటీ అనే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రెన్స్ రాయాలి. ఫీజు మీరు హాస్టల్‌కు కట్టినదాంట్లో చిన్న ముక్క కూడా కాదు, అక్కడ ఖర్చంతా మెస్‌కే. భాషే ముఖ్యం అనుకుంటే తార్నాక దగ్గర ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల సెంట్రల్ యూనివర్సిటీ) ఉంది, అరబిక్, ఫ్రెంచ్, రష్యన్, జపనీస్ లాంటివి డిగ్రీగా చదవొచ్చు. ఇంటర్నేషనల్ రిలేషన్స్ డిగ్రీ స్థాయిలో కంటే ఎంఏలో చదివితేనే బరువు ఉంటుంది. దేశంలో దీనికి పాత, గట్టి చోటు ఢిల్లీలో జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్, 1955లో వేరే సంస్థగా మొదలై తర్వాత జేఎన్‌యూలో కలిసింది. కాబట్టి నా లెక్క ఇది: డిగ్రీలో హిస్టరీ, పక్కన భాష, ఎంఏలో ఇంటర్నేషనల్. డిగ్రీకే "గ్లోబల్ అఫైర్స్" అని రంగుల బ్రోచర్ వేసి ఏడాదికి లక్షల్లో గుంజే ప్రైవేటు యూనివర్సిటీలు ఉన్నాయి, వాటికోసం ఎకరం అమ్మాలని చూస్తే మాత్రం నేను మీ ఇంటికొచ్చి అడ్డుపడతా. సీయూఈటీలో సీటు రాకపోతే? దోస్త్‌లో (రాష్ట్ర డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) నల్లగొండలోని నాగార్జున ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పెట్టుకోండి, డిగ్రీ చేస్తూ బయట భాష నేర్చుకుని, పీజీకి మళ్లీ సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్స్ రాయొచ్చు. అదేం తక్కువ దారి కాదు, కొంచెం ఒంటరి దారి, అంతే.

కొలువుల సంగతి. సివిల్స్ కోసమే హిస్టరీ అంటే నేను ఒప్పుకోను. హిస్టరీ, పొలిటికల్ సైన్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్, రెండూ యూపీఎస్సీలో ఆప్షనల్స్ ఉన్నాయి, జనరల్ స్టడీస్ పేపర్లలోనూ పనికొస్తాయి, నిజమే. గ్రూప్-2లో 600 మార్కులకు ఒక పేపర్ మొత్తం, 150 మార్కులు, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావమే. కానీ బీటెక్ పిల్లలూ అవే పుస్తకాలు చదివి అవే పరీక్షలు రాస్తున్నారు. ఫారిన్ సర్వీస్ పోస్టులు దేశం మొత్తానికి ఏడాదికి కొన్ని పదులే. దాన్ని కలగా ఉంచుకోండి, ప్లాన్‌గా కాదు. చాలామందికి తెలియని చిన్న తలుపు ఒకటుంది, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షలో విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి, వాళ్లకూ బయటి దేశాల ఎంబసీల్లో పోస్టింగ్ వస్తుంది, దానికి ఏ డిగ్రీ అయినా సరే, మ్యాథ్స్ మాత్రం బాగా రావాలి. ఎంపీసీ చదివినందుకు అక్కడ లాభం. ఇంటర్ చదువుకు, హాస్టల్‌కు మీరు కట్టిన పైసలు నీళ్ల పాలైనట్టు బాధపడకండి.

ఇక నిలకడైన దారి టీచింగ్. బీఎడ్ చేసి టెట్, డీఎస్సీ రాస్తే సోషల్ స్కూల్ అసిస్టెంట్, ఎంఏ ఉంటే జూనియర్ లెక్చరర్ పోస్టులకు అర్హత, యూజీసీ పెట్టే నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే పరిశోధనకు నెలకు 37,000 ఫెలోషిప్. నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో దేవుడికే ఎరుక, అదొక్కటే టెన్షన్. లాసెట్ (లా కాలేజీల ఎంట్రెన్స్) రాసి మూడేండ్ల ఎల్ఎల్‌బీలోకి పోవచ్చు, మన దిక్కు భూమి కేసులకు కొదవా! భాష గట్టిగా వస్తే హైదరాబాద్ కంపెనీల్లో అనువాదం, ఆ భాష దేశాల కస్టమర్లతో పని ఉంటుంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ పిల్లల జీతమంత ఉండదు, ఇరవై ఐదు, ఇరవై ఆరేండ్లు వచ్చేదాకా ఆమె చేతిలో పైసలు తక్కువే ఆడతాయి. ఈ మాట మీ ముందు కాదు, ఆమె ముందు చెప్పాలి, విన్నాక కూడా అదే కావాలంటే ఆపకండి.

ఎంసెట్ మాత్రం రాయమనండి, బలవంతంగా కాదు, ఎట్లాగూ ఇంటర్ సిలబసే కదా. సీయూఈటీ కూడా మే నెలలోనే పడుతుంది, డేట్లు చూసుకోవాలి.

చివరగా ఒక పని మీదే, ఆమెది కాదు. మీరు బీసీ అయితే, మామూలుగా మీసేవలో తీసుకునే కుల సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీకి పనికిరాదు. సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అని విడిగా తీసుకోవాలి, ఏప్రిల్ మొదలయ్యాక ఆ ఆర్థిక సంవత్సరానిది కొత్తది అడుగుతారు. మీ కులం సెంట్రల్ లిస్టులో ఉందో లేదో ముందే చూసుకోండి, రాష్ట్ర లిస్టులో ఉన్నవన్నీ అందులో లేవు. రెండేండ్ల కింద నేను గైడ్ చేసిన పిల్లగాడికి మంచి స్కోరు వచ్చి కూడా ఈ కాగితం పాతదని జనరల్‌లోకి నెట్టారు, సీటు పోయింది, తప్పు నాదే, నేను అడగలే. తహసీల్దార్ ఆఫీసులో పని ఎంత నిదానమో మీకు నేను చెప్పక్కర్లేదు, ఏప్రిల్ మొదటి వారంలోనే అప్లై చేసేయండి.