బుధవారం స్లాబ్‌కు ముందు

బంగారుతల్లీ,

నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీలాంకరై సైటులో ఆ సీనియరు నీ మాట తీసిపారేస్తున్నాడట. "ఇక నేను నోరు విప్పను, ఆయన ఇష్టం వచ్చినట్టు వేసుకోనీ, పాడైనప్పుడు తెలుస్తుంది" అన్నావట. మన ఇంటి పిల్ల చెన్నైలో క్వాలిటీ ఇంజినీరు అయిందని వీధివీధికీ చెప్పుకున్నదాన్ని నేను. ఆ మాట విన్నాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

నువ్వు చెప్పింది సరైనదే. సముద్రపు గాలికి గురయ్యే కట్టడానికి, మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, కనీసం ఎం30 బలం గ్రేడు కాంక్రీటు, రాడ్డు పైన 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, అదే కవర్, కావాలి. "పదిహేనేళ్లుగా ఇరవై మిల్లీమీటర్ల కవర్‌తోనే వేస్తున్నాం" అన్నంత మాత్రాన ఉప్పుగాలి ఆగదు. అందులో నీకు అనుమానం అక్కర్లేదు. నా భయమంతా నీ మౌనం గురించే.

1987లో, మద్రాసులో, నాకు ఇరవై నాలుగేళ్లు. బెసంట్ నగర్ దగ్గర మూడంతస్తుల ఇల్లు. సైటులోనే మిక్సర్ పెట్టి కలిపే రోజులు. కాంక్రీటు గట్టిగా ఉంది, పార సాగడం లేదని కూలీలు అనగానే, నా కన్నా నాలుగేళ్లు పెద్దవాడైన సహోద్యోగి రెండు బకెట్ల నీళ్లు పోయించాడు. వద్దన్నాను. సిమెంటుకు అవసరమైనదానికన్నా ఎక్కువ పోసిన నీరు ఆరిపోయాక సన్నటి రంధ్రాలు మిగులుతాయని, బలం తగ్గుతుందని చెప్పబోయాను. ఇరవైమంది ముందు ఆయన నవ్వి, "ఇది మీ కాలేజీ ల్యాబ్ కాదమ్మా, వెళ్లి నీడలో కూర్చోండి" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను. అదే నేను చేసిన తప్పు.

రేకుల షెడ్డులో పదకొండు నుంచి మూడు దాకా మిక్సర్ తిరిగే చప్పుడు వింటూనే ఉన్నాను. రిజిస్టరు ఒళ్లో ఉంది. అందులో తేదీ వేసి, ఆ తరవాత ఒక్క ముక్క రాయలేదు. బలం పరీక్షకు అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలు, ఆ క్యూబులు, విరిగిన రోజున చూద్దాంలే అని పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు పరీక్షలో క్యూబులు తక్కువ బరువుకే విరిగాయి. కానీ నీళ్లెక్కువైన కాంక్రీటు స్లాబ్‌లో ఏ భాగంలో పడిందో ఎవరికీ తెలియదు. ఏ మిక్స్ ఎక్కడ పోశారో రాయాల్సినదాన్ని నేనే కదా! రెండు గదుల కప్పు పూర్తిగా పగలగొట్టారు. అదైనా భరించగలిగాను. నీళ్లు పోయించింది మేస్త్రీ అని ఆ సహోద్యోగి చెప్పాడు. నన్ను అడిగారు. "చివరిదాకా నేను అక్కడ లేనండీ" అన్నాను. అది నిజమే. మొదటి రెండు బకెట్లు ఎవరు పోయించారో చూసి కూడా, ఆ నిజం వెనక దాక్కున్నాను. మేస్త్రీ నెల్లూరు వాడు. సాయంత్రం తాపీని తుండుగుడ్డలో చుట్టుకుంటూ, "మీరు అక్కడుంటే బాగుండేదమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తరవాత ఎంత వెతికినా కనబడలేదు.

అందుకే చెబుతున్నాను, నీకు కోపం వస్తే రానీ, ఏడుపు వస్తే ఇంటికొచ్చి ఏడువు, కానీ కాంక్రీటు పడుతున్నప్పుడు అక్కడి నుంచి కదలకు. మన అభిమానం దెబ్బతిన్నప్పుడు ఖర్చు పడేది అన్నిటికన్నా కిందనున్న వాడి మీద. ఇంత చదువుకుని ఆ సంగతి తెలియదా నీకు? తిడుతున్నాననుకోకు తల్లీ. నీ వయసులో నన్ను ఇలా తిట్టేవాళ్లు లేకపోయారు.

నువ్వు చెప్పినదాన్ని, క్లాజు నంబరుతో సహా, ఆ సాయంత్రమే ప్రాజెక్టు మేనేజరుకు మెయిల్ చెయ్యి. లారీతో వచ్చే చీటీలో కలిపిన సమయం చూసుకో. కూలీల ముందు ఆయనతో వాదించకు. కానీ కవర్ సరిగా లేకుండా పొయ్యడం మొదలుపెడితే మాత్రం ఎవరి ముందైనా ఆపమను.

ఆయనకు పుస్తకం చూపించినా లాభం ఉండదు. ఒక పూట తీరం వెంబడి పాత అపార్టుమెంట్ల దగ్గరికి తీసుకెళ్లు. బాల్కనీల కింద పెచ్చులూడి, ఎర్రగా తుప్పుపట్టిన రాడ్లు బయటపడి ఉంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును ఎలా చీలుస్తుందో ఆయన వేలితోనే తడిమి చూడమను. నా మాట వినని ఇద్దరు ముగ్గురు ఆ రాడ్డు చూసి మారారు.

ఆయనకూ తెలిసినవి ఉంటాయి. సెంట్రింగ్ మీద నడిచి, అడుగు కింద కదలికను బట్టి ఏ గుంజ వదులుగా ఉందో చెప్పే మనుషులుంటారు. అలాంటిదేదైనా ఆయన దగ్గర ఉంటే, నిజంగా నేర్చుకోవాలనే అడుగు. మొహమాటం కోసం అడిగితే వాళ్లకు తెలిసిపోతుంది.

బుధవారం స్లాబ్ సుమారు 120 ఘనమీటర్లని మీ అమ్మ చెప్పింది. అంటే ఐఎస్ 456 లెక్కన ఆరు నమూనాలు, నమూనాకు మూడు చొప్పున 18 క్యూబులు. ఒక్కొక్క దాని మీదా ఏ లారీదో, స్లాబ్‌లో ఎక్కడిదో నీ చేత్తోనే రాయి. పొద్దున్నే కడుపునిండా తిని వెళ్లు, ఎండకు తలకేదైనా చుట్టుకో. పని ముగిసేసరికి ఎంత రాత్రయినా సరే, ఫోను చేసి 18 క్యూబులూ తీశానని చెప్పి అప్పుడు పడుకో.

ప్రేమతో,
అత్తయ్య